ఆ మనిషినే ఎందుకు? వికలాంగులపై ద్వేష నేరాలు, ఎఫ్ఐఆర్‌లో కనిపించని సెక్షన్

వికలాంగుల మీద జరిగిన దాడి పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళేసరికి దాని పేరు మారిపోతుంది. కుర్రాళ్ళ ఆకతాయితనం, తాగిన మైకంలో గొడవ, ఇంటి తగాదా, డబ్బు దగ్గర పేచీ, ఇలా ఏదో ఒకటి అవుతుంది. ద్వేషంతో చేసిన నేరంగా దాన్ని రాసుకోవడం మాత్రం చాలా అరుదు. మన దేశంలో ఇందుకు చట్టమే లేదనుకుంటే పొరపాటు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 92వ సెక్షన్ అచ్చంగా ఇందుకోసమే పెట్టారు. చట్టం ఉంది, ఆ సెక్షన్ రాసే అలవాటే లేదు. మొదటి ఫిర్యాదు తీసుకునే చోట ఒక ప్రశ్న ఎవరూ అడగకపోవడమే దీనికి మూలం: ఇంతమంది ఉండగా ఈ మనిషినే ఎందుకు ఎంచుకున్నారు?

బస్టాండులో జరిగే సంగతి ఒకటి చూద్దాం. చూపులేని యువకుడు తెల్లకర్రను బెంచీకి ఆనించి బస్సు కోసం కూర్చుని ఉంటాడు. ఇద్దరు కుర్రాళ్ళు చప్పుడు కాకుండా వచ్చి ఆ కర్ర తీసి పక్క ప్లాట్‌ఫారం మీద పెడతారు. బస్సు వచ్చిందని మైకులో వినగానే అతను లేచి కర్ర కోసం తడుముకుంటాడు. బెంచీ కింద, గోడ పక్కన, బ్యాగు వెనక వెతుకుతాడు. చుట్టూ నవ్వులు. ‘ఇటు, ఇటు’ అంటూ ఒకడు కావాలనే తప్పు దిక్కు చెబుతాడు, ఇంకొకడు ఫోన్‌లో వీడియో తీస్తుంటాడు. చివరికి ఎవరో పెద్దాయన ‘ఇచ్చెయ్యండ్రా, పాపం’ అంటే కర్ర తిరిగొస్తుంది. ఈలోగా బస్సు వెళ్ళిపోయి ఉంటుంది.

దీనికి కేసేమిటని చాలామంది అంటారు. కేసు అవుతుంది. వికలాంగులు వాడుకునే సహాయక పరికరాన్ని పాడుచేసినా, దాన్ని వాడుకోకుండా అడ్డుపడినా 92(ఇ) కింద నేరం. నలుగురూ చూసే చోట అవమానించాలనే ఉద్దేశంతో తిట్టినా, బెదిరించినా 92(ఎ) కింద నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గదు, అయిదేళ్ళ దాకా పడవచ్చు, జరిమానా అదనం. చూపులేని మనిషి దగ్గర కర్ర లాక్కోవడం, చూపున్న మనిషికి గంతలు కట్టి నడిరోడ్డు మీద వదిలేయడం లాంటిదే. రెండోదాన్ని ఎవరూ సరదా అనరు, మొదటిదాన్ని మాత్రం అంటారు.

92వ సెక్షన్‌లో మరికొన్ని ఉన్నాయి. వైకల్యం ఉన్న వ్యక్తిని అవమానించే ఉద్దేశంతో, లేదా వైకల్యం ఉన్న స్త్రీ మర్యాదకు భంగం కలిగించే ఉద్దేశంతో చెయ్యి చేసుకోవడం ఒకటి. తన సంరక్షణలో ఉన్న వికలాంగులకు తెలిసీ తిండి, నీళ్ళు పెట్టకపోవడం ఇంకొకటి. ఇది ఇంట్లో, హాస్టల్లో, ఆశ్రమంలో జరిగేది. వైకల్యం ఉన్న స్త్రీ మీద, పిల్లల మీద తనకున్న పట్టును అడ్డం పెట్టుకుని లైంగికంగా దోచుకోవడం, ఆమె స్పష్టమైన సమ్మతి లేకుండా గర్భస్రావానికి దారితీసే వైద్యం చేయించడం కూడా ఇందులోకే వస్తాయి. చివరిదానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తీవ్రమైన వైకల్యం ఉన్నప్పుడు, డాక్టరు అభిప్రాయంతో, సంరక్షకుల సమ్మతితో చేసినవాటికి అది వర్తించదు. ఆ మినహాయింపు ఎంత సులువుగా దుర్వినియోగం కాగలదో వేరే చెప్పక్కర్లేదు.

1995 నాటి పాత చట్టంలో ఇలాంటి శిక్షలేవీ లేవు. అది చదువు, ఉద్యోగాల్లో రిజర్వేషన్, రాయితీల చట్టం. వికలాంగుల మీద హింస జరుగుతుందన్న స్పృహే అందులో పెద్దగా కనిపించదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని 2006లో ఆమోదించింది, భారతదేశం 2007 అక్టోబరులో దాన్ని ధ్రువీకరించింది. దోపిడీ, హింస, వేధింపుల నుంచి రక్షించే బాధ్యత ప్రభుత్వాలదేనని అందులోని 16వ అధికరణం చెబుతోంది. ఆ మాట మన చట్టంలోకి ఎక్కడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది.

నవ్వుతూ వచ్చే ద్వేషం

ద్వేషం అనగానే కళ్ళెర్రజేసి మీద పడేవాడు గుర్తొస్తాడు. వికలాంగుల విషయంలో అది చాలాసార్లు నవ్వుతూ వస్తుంది. వైకల్యాన్నే ఇంటిపేరులా తగిలించి పిలవడంతో మొదలవుతుంది. నడకను అనుకరిస్తారు, నత్తిని వెక్కిరిస్తారు, వినపడని మనిషి వెనక నిలబడి బూతులు తిట్టి నవ్వుకుంటారు. బదులు చెప్పలేడని తెలిసినకొద్దీ జోరు పెరుగుతుంది. ఎదురు తిరిగితే ‘సరదాకి అంటే ఇంత ఫీలవుతావేంట్రా’ అని తప్పు అతని మీదికే తోస్తారు. మాటలకు అలవాటు పడ్డాక రాళ్ళు వేస్తారు, ట్రైసైకిల్ టైర్లలో గాలి తీస్తారు, ఆ తర్వాత కొడతారు. ప్రతి దశలోనూ ముందటి దశను ఎవరో ఒకరు ‘పోనీలే’ అని వదిలేసే ఉంటారు.

ఈ చిక్కును కోర్టుల్లోనూ బయటా లోతుగా తవ్విన దేశం ఇంగ్లండ్. అక్కడి 2003 క్రిమినల్ జస్టిస్ చట్టంలోని 146వ సెక్షన్ ప్రకారం, బాధితుడి వైకల్యం పట్ల శత్రుభావం చూపుతూ చేసిన నేరానికి జడ్జి శిక్ష పెంచి తీరాలి. ఇప్పుడు అదే నియమం 2020 సెంటెన్సింగ్ చట్టంలో 66వ సెక్షన్‌గా ఉంది. శత్రుభావాన్ని రెండు రకాలుగా నిరూపించవచ్చు. నేరం చేసేటప్పుడో, దానికి కాస్త ముందో వెనకో మాటల్లోనో చేతల్లోనో దాన్ని బయటపెట్టడం ఒకటి, నేరానికి ప్రేరణే ఆ శత్రుభావం కావడం రెండోది. అంటే కొడుతూ వైకల్యం పేరుతో తిట్టిన తిట్టు కూడా సాక్ష్యమే. శత్రుభావం అంటే పగతో రగిలిపోవడమే కానక్కర్లేదని అక్కడి ప్రాసిక్యూషన్ విభాగం చెబుతుంది. చులకన, అయిష్టం, ఏవగింపు కూడా అందులోకి వస్తాయి.

అంత స్పష్టమైన చట్టం ఉన్నా ఏమైందో చూడాలి. లీస్టర్‌షైర్‌లో ఒక తల్లి, తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్న కూతురితో కలిసి ఉండేది. వీధిలోని కుర్రమూక ఏళ్ళ తరబడి ఆ ఇంటి మీద రాళ్ళు, గుడ్లు వేసింది, పిల్లని వెక్కిరించింది. పోలీసులకు 33 సార్లు ఫిర్యాదు అందింది. 2007 అక్టోబరులో ఆ తల్లి కూతురితో సహా ప్రాణాలు తీసుకుంది. పోలీసుల, స్థానిక కౌన్సిళ్ళ వైఫల్యం కూడా ఆ మరణాలకు కారణమైందని 2009లో విచారణ జరిపిన జ్యూరీ తేల్చింది. 33 ఫిర్యాదుల్లో ఏదీ పోలీసుల దృష్టిలో వికలాంగుల మీద ద్వేష నేరం కాలేదు. ఒకరోజు కిటికీ అద్దం పగిలిందని, మరో రోజు వీధిలో అల్లరని విడివిడిగా రాసుకున్నారు. ప్రతి కాగితమూ చిన్న గొడవే. అన్నీ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి లేడు.

ఆ కేసు తర్వాత అక్కడి సమానత్వ, మానవ హక్కుల కమిషన్ దేశమంతటా విచారణ జరిపి 2011లో నివేదిక ఇచ్చింది. వికలాంగుల మీద వేధింపు ఎంత మామూలైపోయిందంటే, అది వేధింపని బాధితులకే తోచడం లేదన్నది అందులోని ప్రధాన విషయం. ఇంకో గట్టి అడ్డంకి కూడా ఉంది. ‘అతను బలహీనుడు, సులువుగా దొరికాడు, అందుకే దోచుకున్నారు, ఇందులో ద్వేషమేముంది?’ అనే వాదన. పోలీసులూ లాయర్లూ చివరికి జడ్జీలు కూడా దీని దగ్గర ఆగిపోతారు. ఆలోచిస్తే ఆ వాదన నిలవదు. ‘వీణ్ని ఏం చేసినా ఎవరూ అడగరు’ అనుకోవడంలోనే ఈ మనిషి విలువ తక్కువన్న తీర్పు ఉంది. కాబట్టి సులువుగా దొరికాడన్నది ద్వేషం లేదనడానికి రుజువు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌ల లా కమిషన్ 2021 డిసెంబరులో ఇచ్చిన సిఫార్సుల్లో, ప్రేరణను చూసేచోట శత్రుభావంతో పాటు దురభిప్రాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది కూడా ఇందుకే.

అక్కడి పోలీసులు ఫిర్యాదు తీసుకునేటప్పుడు పాటించే పద్ధతి ఒకటి మనం తెచ్చుకోదగ్గది. ఇది వైకల్యం మీది ద్వేషంతో జరిగిందని బాధితుడికి గానీ, చూసినవాళ్ళలో ఎవరికైనా గానీ అనిపిస్తే చాలు, పోలీసులు అలాగే నమోదు చేయాలి. ద్వేషమా కాదా అన్నది కోర్టు తర్వాత తేలుస్తుంది, నమోదుకు మాత్రం రుజువు అడగకూడదు. నల్లజాతి యువకుడు స్టీఫెన్ లారెన్స్ హత్య మీద 1999లో వచ్చిన మెక్‌ఫర్సన్ నివేదిక నుంచి ఈ పద్ధతి వచ్చింది. వర్ణ వివక్ష మీద పోరాడినవాళ్ళు సాధించింది వికలాంగులకూ అక్కరకొచ్చింది.

మన సెక్షన్‌లోని బలం, బోలుతనం

92(ఎ)లోని మాటలు తెలుగువాళ్ళకు పరిచితమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లో ఉన్న ‘ప్రజల కంటపడే చోట, అవమానించే ఉద్దేశంతో’ అన్న వాక్యాన్నే ఇక్కడా వాడుకున్నారు. కారంచేడు, చుండూరు చూసిన ఈ నేలలో అట్రాసిటీ కేసు అంటే ఏమిటో వివరించాల్సిన పనిలేదు. ఎస్సైకి తెలుసు, లాయరుకి తెలుసు, నేరం చేసినవాడికీ తెలుసు. వికలాంగుల చట్టంలోనూ ఈ నేరాలను అట్రాసిటీ అనే అన్నారు. అయినా ఆ పేరుతో భయపడేవాడు ఒక్కడూ కనిపించడు.

ఎందుకంటే వాక్యాన్ని తెచ్చుకున్నారు గానీ, దాన్ని నిలబెట్టే ఏర్పాట్లు తెచ్చుకోలేదు. 1989 చట్టం కింద ముందస్తు బెయిలు లేదు. విధి నిర్వర్తించని ప్రభుత్వోద్యోగికి 4వ సెక్షన్ కింద శిక్ష ఉంది. బాధితుల, సాక్షుల హక్కులకు 15ఎ సెక్షన్ ఉంది, నిబంధనల్లో ఏ నేరానికి ఎంత పరిహారమో పట్టిక ఉంది. ఇవేవీ 92వ సెక్షన్‌కు లేవు. జిల్లాకొక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా ప్రకటించాలని వికలాంగుల చట్టంలోని 84వ సెక్షన్, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను పెట్టాలని 85వ సెక్షన్ చెబుతున్నాయి. కానీ కేసులే నమోదు కానప్పుడు కోర్టు పేరు గెజెట్‌లో ఉంటే ఒరిగేదేమిటి?

‘ప్రజల కంటపడే చోట’ అన్నది ఇంకో ఇరుకు. ఎస్సీ, ఎస్టీ చట్టం మీద 2020లో వచ్చిన హితేశ్ వర్మ తీర్పులో, బయటివాళ్ళెవరూ లేని నాలుగు గోడల మధ్య తిట్టిన తిట్టు ఈ మాట కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే కొలత 92(ఎ)కి పెడితే ఇంట్లో, హాస్టల్ గదిలో, ఆఫీసు క్యాబిన్‌లో రోజూ పడే అవమానం లెక్కలోకి రాదు. వికలాంగుల బతుకులో ఎక్కువ భాగం గడిచేది ఆ నాలుగు గోడల మధ్యే కదా.

ప్రేరణను నిరూపించడం ఎంత కష్టమో ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసు చూపిస్తుంది. పుట్టుకతోనే చూపులేని, షెడ్యూల్డ్ కులానికి చెందిన యువతి మీద 2011లో ఆమె ఇంట్లోనే అత్యాచారం జరిగింది. చేసినవాడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు, ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు. గొంతును బట్టి ఆమె అతన్ని గుర్తుపట్టింది. పఠాన్ జమాల్ వలీ కేసుగా పేరుపడ్డ దీనిలో 2021 ఏప్రిల్ 27న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా తీర్పు ఇచ్చారు. అత్యాచారానికి పడిన యావజ్జీవ శిక్ష నిలబడింది, ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పడిన శిక్ష మాత్రం పోయింది. నేరం జరిగిన నాటి చట్టం ప్రకారం, ఆమె కులం ‘కారణంగానే’ చేశాడని నిరూపించాలి, ఆ సాక్ష్యం లేదన్నారు. 2016 జనవరి నుంచి ఆ మాట మారింది. బాధితురాలు ఎస్సీ అని ‘తెలిసి’ చేస్తే చాలని పార్లమెంటు సవరించింది.

ఆ తీర్పులో అంతకంటే విలువైన భాగం ఒకటుంది. ఆమె స్త్రీ, దళితురాలు, చూపులేనిది. ఈ మూడింటినీ విడదీసి, ఏ ఒక్కదానివల్ల నేరం జరిగిందో చెప్పమంటే చెప్పలేమని, మూడూ కలిసే ఆమెను ప్రమాదంలోకి నెట్టాయని కోర్టు వివరంగా రాసింది. చూపులేని మనిషి గొంతును బట్టి గుర్తుపడితే ఆ సాక్ష్యానికి విలువ తక్కువేమీ కాదంది. పోలీసులకు, జడ్జీలకు, ప్రాసిక్యూటర్లకు శిక్షణ ఇవ్వాలని, జాతీయ నేర రికార్డుల బ్యూరో బాధితుల వైకల్యం వివరాలు కూడా సేకరించే వీలు చూడాలని సూచించింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు ఉన్నారు. అంతమంది మీద జరిగే నేరాలకు విడిగా ఒక గడి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పాల్సి రావడమే బాధ కలిగించే విషయం.

కమెడియన్లు స్పైనల్ మస్కులర్ అట్రోఫీ (కండరాలు క్షీణించే జన్యువ్యాధి) ఉన్నవాళ్ళ మీద వేసిన జోకుల కేసులో, 2025 నవంబరులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. ఎస్సీ, ఎస్టీ చట్టం తరహాలో వికలాంగుల కోసం కఠినమైన చట్టం తేవడం గురించి ఎందుకు ఆలోచించకూడదని కేంద్రాన్ని అడిగింది. కొత్త చట్టం వస్తే మంచిదే. ఉన్న 92వ సెక్షన్‌నే ఎఫ్ఐఆర్‌లో రాయని వ్యవస్థ ఆ కొత్త చట్టాన్ని రాస్తుందా అన్నది దాంతో పాటే అడగాల్సిన ప్రశ్న.

ఒకటో తారీఖు స్నేహాలు

పింఛను చుట్టూ జరిగేవి వేరే రకం. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016 అయింది. కూలీకి వెళ్ళేవాడి కష్టం ముందు ఈ డబ్బు ఊరికే వచ్చినట్టు కనిపిస్తుంది. ‘కూర్చోబెట్టి మేపుతున్నారు’ అన్న మాట అరుగుల మీద వినపడుతూనే ఉంటుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో సదరం సర్టిఫికెట్లను (వైకల్యాన్ని నిర్ధారిస్తూ ప్రభుత్వం ఇచ్చేవి) మళ్ళీ పరిశీలించినప్పుడు బోగస్ పింఛన్ల మీద పెద్ద చర్చే నడిచింది. అనర్హులను ఏరివేయడం ప్రభుత్వం చేయాల్సిన పనే. కానీ ఆ చర్చ వీధిలోకి వచ్చేసరికి, పైకి కనపడని వైకల్యం ఉన్న ప్రతివాడూ దొంగే అన్న చూపుగా మారుతుంది. తలసేమియా, సికిల్ సెల్, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళు ‘నీకేమైందిరా, బాగానే ఉన్నావుగా’ అన్న మాట పడాలి. చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో చాలావాటికి చేతికర్రా ఉండదు, చక్రాల కుర్చీ ఉండదు.

ఇంకొందరు పింఛను చుట్టూ స్నేహం నటిస్తూ చేరతారు. బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాడికి నెలాఖరు నుంచి కొత్త స్నేహితులు పుట్టుకొస్తారు. ఒకటో తారీఖున డబ్బు చేతిలో పడగానే బండి ఎక్కించుకుని తీసుకెళతారు. టిఫిన్, సిగరెట్లు, మందు అన్నీ ఆ డబ్బుతోనే. మధ్యలో అతనితో డాన్స్ చేయించి వీడియో తీసి గ్రూపులో పెడతారు. నాలుగో తారీఖుకి జేబు ఖాళీ, స్నేహితులూ ఖాళీ. ఇంట్లోవాళ్ళు అడిగితే ‘వాళ్ళు నా ఫ్రెండ్స్’ అంటాడు. అతనికి అంతకుముందు ఫ్రెండ్స్ అంటూ ఎవరూ లేరు, అందుకే ఆ మాట వదులుకోడు. ఇంగ్లండ్‌లో ఇలా స్నేహం ముసుగులో మొదలై హత్యలతో ముగిసిన కేసులు ఒకటి రెండు కావు. గుర్తుపట్టడానికి డబ్బు లెక్క ఒక్కటే చాలదు. ఆ గుంపులో ఎప్పుడూ ఖర్చుపెట్టేది ఎవరు, ఎప్పుడూ నవ్వులపాలయ్యేది ఎవరు, కాదన్న రోజు ఏం జరుగుతోంది అన్నవి చూడాలి.

మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళ మీద మూకదాడులు జరిగినప్పుడు వైకల్యం వార్తలో ఒక విశేషణంగా మిగిలిపోతుంది. కేరళలోని అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరిలో, మానసిక అనారోగ్యం ఉన్న ఆదివాసీ యువకుణ్ణి బియ్యం దొంగిలించాడని చేతులు కట్టేసి, సెల్ఫీలు దిగి, కొట్టి చంపారు. 2023లో 14 మంది దోషులుగా తేలారు. మధ్యప్రదేశ్‌లోని నీమచ్ జిల్లాలో 2022 మేలో, మానసిక వైకల్యం ఉన్న 65 ఏళ్ళ వృద్ధుణ్ణి ‘నీ పేరు మహ్మదా, చెప్పు’ అంటూ చెంపలు వాయించిన వీడియో బయటికొచ్చింది. ఆయన శవమై దొరికాడు. మొదటిదాన్ని దేశం ఆకలి గురించి, ఆదివాసీల గురించి, రెండోదాన్ని మతం గురించి మాట్లాడుకుంది. అవి తప్పక మాట్లాడాల్సినవే. అయితే గుంపు అడిగిన ప్రశ్నకు వెంటనే, పొందికగా జవాబు చెప్పలేకపోవడమే నేరంగా లెక్క కావడం గురించి అంతగా మాట్లాడలేదు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వాట్సాప్‌లో పుకారు లేచిన ప్రతిసారీ మొదట అనుమానం పడేది రోడ్డు మీద తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగే మనిషి మీదే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ ప్రకారం అలా దిక్కులేకుండా తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషికి రక్షణ కల్పించి, 24 గంటల్లో ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చడం స్టేషన్ అధికారి విధి. పుకారు లేచిన రోజునే ఆ విధి గుర్తుకు రావాలి.

ఫిర్యాదులో ఏం రాయాలి

కేసు బలం చాలావరకు మొదటి కాగితం మీదే ఆధారపడుతుంది. ‘నన్ను తిట్టి కొట్టారు’ అని రాస్తే అది మామూలు కొట్లాట అవుతుంది. ఏ మాట అన్నారో ఆ మాట, ఎంత అసహ్యంగా ఉన్నా, అక్షరం మార్చకుండా రాయాలి. వైకల్యాన్ని ఎత్తి తిట్టారా, నడకను అనుకరించారా, కర్ర గానీ హియరింగ్ ఎయిడ్ గానీ కాలిపర్ గానీ ముట్టుకున్నారా, ఎవరెవరు చూశారు, వీడియో ఎవరి ఫోన్‌లో ఉంది అన్నవి ఉండాలి. ఇంతకుముందు జరిగినవి తేదీలతో సహా అదే కాగితంలో చేర్చాలి. లీస్టర్‌షైర్‌లో లోపించింది ఇదే. విరిగిన పరికరాన్ని రిపేరు చేయించే ముందు ఫోటో తీసి పెట్టాలి. సదరం సర్టిఫికెట్ నకలు జత చేయాలి. చివర ‘వికలాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 92 కింద కూడా కేసు నమోదు చేయగలరు’ అని స్పష్టంగా అడగాలి. అడగకపోతే ఆ సెక్షన్ దానంతట అది రాదు.

అయిదేళ్ళ దాకా శిక్ష పడే నేరం కాబట్టి పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి కోసం చూడకుండానే ఎఫ్ఐఆర్ కట్టాలి. ఇలాంటి నేరాల్లో ఎఫ్ఐఆర్ తప్పనిసరని లలితా కుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్‌లో తీసుకోకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళవచ్చు. ‘పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకోండి’ అని పంపేయడం ఇక్కడ చాలా మామూలు. ఆ పంచాయితీలో క్షమాపణ బాధితుడికి దక్కదు, ఇంటి పెద్దకు దక్కుతుంది. బాధితుణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

పోలీసుల కంటే దగ్గరి దారి ఒకటుంది, అది చాలామందికి తెలియదు. వికలాంగుల హక్కుల చట్టంలోని 7వ సెక్షన్ కింద వికలాంగుల మీద హింస, వేధింపు, దోపిడీ జరుగుతోందని నమ్మే ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పవచ్చు. అంటే సాధారణంగా మండలంలో తహసీల్దార్, డివిజన్‌లో ఆర్డీవో. ఫిర్యాదు బాధితుడే ఇవ్వాలని లేదు. పక్కింటివాళ్ళు, టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, రిజిస్టరైన సంఘం, ఎవరైనా ఇవ్వవచ్చు. సమాచారం అందగానే ఆ అధికారి వేధింపును ఆపే చర్యలు తీసుకోవాలి, అవసరమైతే బాధితుణ్ణి అక్కడినుంచి తప్పించి రక్షణ కల్పించాలి, పోషణ ఏర్పాటుకు కూడా ఆదేశించవచ్చు. వేధించేది సొంత అన్నో, వదినో అయినప్పుడు ఈ దారే నయం. అన్నం పెట్టే చేతి మీద పోలీసు కేసు పెడితే రేపు ఎక్కడ ఉండాలన్న భయమే ఇలాంటివాళ్ళ నోరు నొక్కేస్తుంది. ఉండే చోటు చూపించకుండా ‘ధైర్యంగా ఫిర్యాదు చేయండి’ అని చెప్పడం న్యాయం కాదు.

పోలీసులకు కూడా అదే సెక్షన్ కొన్ని బాధ్యతలు పెట్టింది. ఫిర్యాదు అందిన అధికారి బాధితుడికి మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ కోరే హక్కు, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉన్నాయని చెప్పాలి, దగ్గర్లో సాయపడే సంస్థ ఏదో చెప్పాలి. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100కి ఫోన్ చేయవచ్చు.

కోర్టులో సాక్ష్యం విషయంలోనూ చట్టం కొంత మెరుగ్గానే ఉంది. మాట్లాడలేని సాక్షి రాసి గానీ సైగలతో గానీ చెప్పవచ్చు, కోర్టు దుబాసీనో ప్రత్యేక ఉపాధ్యాయుణ్ణో పెట్టి దాన్ని వీడియో తీయించాలి. ఆచరణలో దుబాసీగా తరచు కూర్చునేది బంధువే. ఆ బంధువే నిందితుడి పక్షమైతే సైగలకు అర్థం మారిపోతుంది. అందుకే సంజ్ఞా భాష తెలిసిన తటస్థ వ్యక్తిని పెట్టమని విచారణ మొదట్లోనే రాతపూర్వకంగా అడగాలి.

సవరించాల్సిన లోపం ఒకటి కొత్త సంహితలోనే ఉంది. బాధితుడు కోరుకున్న చోటికే పోలీసు అధికారి వెళ్ళి, దుబాసీ సమక్షంలో ఫిర్యాదు రాసుకుని వీడియో తీయాలన్న మంచి నియమాన్ని 173వ సెక్షన్‌లో పెట్టారు. కానీ అది ప్రధానంగా లైంగిక నేరాలకే పరిమితం. ట్రైసైకిల్ విరగ్గొట్టినా, వీధిలో పట్టుకుని కొట్టినా, తిండి పెట్టకుండా గదిలో పడేసినా ఆ సౌకర్యం లేదు. ఫోన్‌లోనో మెయిల్‌లోనో సమాచారం పంపే వీలున్నా, మూడు రోజుల్లో దాని మీద సంతకం పెట్టాలి. 92వ సెక్షన్ నేరాలన్నింటినీ ఆ జాబితాలో చేర్చడానికి ఒక చిన్న సవరణ చాలు. అంతవరకూ రెండు రాష్ట్రాల డీజీపీలు ఒక సర్క్యులర్‌తో ఇదే పద్ధతిని అన్ని స్టేషన్లలో పాటించమని చెప్పవచ్చు. ఫిర్యాదు పుస్తకంలో బాధితుడి వైకల్యం రాసే గడి ఒకటి, ‘ఇది వైకల్యం కారణంగా జరిగిందని మీకు అనిపిస్తోందా?’ అన్న ప్రశ్న ఒకటి అదే సర్క్యులర్‌తో చేర్చవచ్చు.